కదిరమ్మ ఎక్స్‌ను పట్టుకున్న వైనం

కదిరమ్మ పదో తరగతి లెక్కల పరీక్ష మూడుసార్లు రాసింది. మొదటిసారి పందొమ్మిది మార్కులు, రెండోసారి పదమూడు, మూడోసారి ఎనిమిది. ఇట్లాగే పోతే నాలుగోసారి మనమే బోర్డు వాళ్లకు మార్కులు ఎదురివ్వాల్సి వస్తుందని వాళ్ల నాయన ఆమె చదువు మాన్పించి, వల్లూరు సిద్దప్ప కొడుక్కిచ్చి పెళ్లి చేశాడు.

అది జరిగి ఇరవై రెండేళ్లయింది. ఈలోగా సిద్దప్ప శెనక్కాయ చేను సోలార్ పార్కు కిందికి పోయింది. విత్తనం వేసి మనుషులు మబ్బుల వైపు చూసిన చోట ఇప్పుడు నల్లటి ప్యానెళ్లు ఎండ వైపు చూస్తున్నాయి. ఆ ప్యానెళ్లను కడిగే పని కదిరమ్మకు దొరికింది. ఆరుగురు ఆడవాళ్ల బ్యాచి. ట్రాక్టరు వెనక నీళ్ల ట్యాంకు వస్తుంది. ఇద్దరు పైపుతో నీళ్లు కొడితే నలుగురు పొడుగు కర్రల వైపర్లతో తుడుస్తారు. చేనుగా ఉన్నప్పుడు ఏ ఏడూ ఇంత నీళ్లు చూడని నేల, అద్దాలు మొలిచాక రోజూ స్నానం చేస్తోంది.

ఆరేళ్లుగా ఆ బ్యాచిని నడిపిస్తున్నది కదిరమ్మే. ఏ లైను ముందు కడగాలో, ఎండ ఎప్పుడు ముదురుతుందో, ఎవరికి నడుం నొప్పో, ఎవరిది నటనో ఆమెకే తెలుసు. ఆ జనవరిలో కంపెనీ గేటు దగ్గర ఒక కాగితం అంటించింది. జూన్ నుంచి బ్యాచి లీడరుగా ఉండాలంటే ఎస్సెల్సీ, అంటే పదో తరగతి, పాసై ఉండాలట. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు సునీల్‌కుమార్, ఇరవై నాలుగేళ్లవాడు, ఆ కాగితాన్ని వేలితో చూపించి మరీ చదివి వినిపించాడు. కదిరమ్మకు చదవడం వచ్చని అతను అనుకోలేదు.

మిగతా సబ్జెక్టులంటే ఆమెకు భయం లేదు. లెక్కలే. అందుకని ఆదివారం పొద్దున క్యాతగానచెర్లుకు పోయి, తనను మూడుసార్లు ఫెయిలైన మనిషిగా తయారుచేసిన శ్రీరామప్ప మేష్ట్రు ఇంటి ముందు నిలబడింది. ఆయన రిటైరై పదేళ్లు. వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఎవురమ్మా?"

"నేను సార్, కదిరమ్మ. పందొమ్మిది, పదమూడు, ఎనిమిది."

ఆయన వెంటనే గుర్తుపట్టాడు.

"మళ్లా ఎందుకొచ్చినావు తల్లీ? సున్నాకి ఇంగా ఎనిమిది మిగిలుండాయనా?"

"పాస్ కావల్ల సార్. లేకుంటే నా బ్యాచికి ఎవున్నో తెచ్చి పెడతారు."

మేష్ట్రు పేపరు మడిచాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో తన దగ్గరికి తిరిగి వచ్చిన ఫెయిలు ఇదొక్కటే. ఆయన కాదనలేకపోయాడు.

మొదటి పాఠం సూక్ష్మీకరణ. మూడు ఎక్స్, ప్లస్ ఐదు, ప్లస్ రెండు ఎక్స్, మైనస్ ఒకటి. ఎక్స్‌లన్నీ ఒకచోట చేర్చాలి, ఉత్త అంకెలు ఒకచోట చేర్చాలి. ఐదు ఎక్స్, ప్లస్ నాలుగు.

"అంతేనా? తొమ్మిది ఎక్స్ కాదా?"

"కాదు. సజాతి పదాలనే కూడల్ల. విజాతివి కలపగూడదు."

కదిరమ్మ పెన్సిలు ఆపింది.

"లెక్కల్లో గూడా జాతి సూస్తారా సార్?"

మేష్ట్రుకు దగ్గొచ్చింది. దగ్గు తగ్గేవరకు లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చి, "గొర్రెల్నీ శెనక్కాయ మూటల్నీ కలిపి లెక్కేస్తావా? అట్ల," అన్నాడు. ఈ సంగతి కదిరమ్మకు నచ్చింది. సూక్ష్మీకరణ ఆమెకు రెండు వారాల్లో పట్టుబడింది. బ్రాకెట్లు విప్పడం, ముందున్న మైనస్ లోపలున్న అందరి మొహాలూ మార్చేయడం, అంతా. ఆ మైనస్‌ను ఆమె తన అత్తతో పోల్చింది. అత్త చనిపోయి ఐదేళ్లయింది కాబట్టి ఎవరూ నొచ్చుకోలేదు.

సమీకరణాల దగ్గర బండి ఆగింది.

"ఈ పక్కనుండేది ఆ పక్కకి పోతే గుర్తు మారుతాది," అన్నాడు మేష్ట్రు. "ప్లస్ పోతే మైనస్. మైనస్ పోతే ప్లస్."

"ఎందుకు మారుతాది?"

"అది రూలు."

"ఎవురి రూలు సార్? మా ఇంటాయప్ప పావగడకి పోయినా అట్లే వచ్చినాడు, రాష్ట్రం దాటి మడకశిరకి పోయినా అట్లే వచ్చినాడు. ఉత్త గీత దాటితే మనిషి తిరగబడిపోతాడా?"

"ముప్పై నాలుగేండ్లు చెప్పినా నేను. ఒక్కరు గూడా ఈ ప్రశ్న అడగలేదు."

"నేను అడిగినా సార్. తొమ్మిదో తరగతిలో. బెత్తం విరిగింది."

మేష్ట్రుకు ఆ బెత్తం గుర్తుందో లేదో గానీ, ఆ రోజు పాఠం అరగంట ముందే ముగిసింది. కదిరమ్మ తిరుగు బస్సులో కూర్చుని, ఈసారి ఏడు వస్తాయేమో అనుకుంది.

ఇంట్లో పరిస్థితి వేరు. భర్త పార్కులోనే రాత్రి కాపలా. పగలంతా నిద్ర. మామ సిద్దప్పకు డెబ్బై దాటినా నూట ఇరవై గొర్రెలను మేపుకొస్తాడు. చేను పోయినా, బయలు పోయినా, జీవాలను మాత్రం అమ్మనివ్వలేదు. సాయంత్రం కోడలు నోటుపుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఆయన బీడీ ముట్టించి పక్కన కూర్చున్నాడు.

"ఏం చదువుతాండావు?"

"బీజగణితం మామా."

సిద్దప్ప మొహం వెలిగింది. చుట్టుపక్కల పది ఊళ్లలో పొట్టేళ్లకు బీజాలు కొట్టడంలో ఆయనకు మించినవాడు లేడు.

"నాకి చెప్పుంటే నేనే నేర్పిస్తా కదా! దానికి ఆ మేష్ట్రు కాడికి పోయేదేంటికి? ఆయప్ప ఒక్క పొట్టేలినన్నా పట్టినాడా?"

"ఆ బీజాలు కాదు మామా. ఈడ ఎక్స్ అని ఒకటుంటాది. అది ఎంతనేది తెలీదు. దాన్ని కనుక్కోవల్ల."

"తెలీనిదాన్ని అట్లే వదిలేస్తే ఏం పోతాది?"

కదిరమ్మ జవాబు కోసం పుస్తకం తిరగేసింది. అందులోనూ లేదు.

ఫిబ్రవరి ఆఖరులో సునీల్‌కుమార్ బ్యాచిని నిలబెట్టి పంచాయితీ పెట్టాడు. ఒక లైను ప్యానెళ్లు కడగడానికి ఐదు వందల లీటర్లు చాలని కంపెనీ చెబుతుంది. ట్యాంకు ఐదు వేల లీటర్లది. అంటే పది లైన్లు పూర్తికావాలి. సోమవారం వీళ్లు ఎనిమిది లైన్లు కడిగేసరికి ట్యాంకులో నూరు లీటర్లే మిగిలాయి. మంగళవారం ఎర్రదుమ్ము లేచి ఆరు లైన్లకే పని ఆగిపోయింది. అప్పటికి పదకొండు వందలు మిగిలాయి. ట్యాంకు పక్కనున్న గొట్టం మీద కింది గుర్తులు బాగానే కనిపిస్తాయి, పైవి ఎండకు ఎప్పుడో చెరిగిపోయాయి.

సునీల్‌కుమార్ ఫోన్‌లో లెక్క వేసి చూపించాడు. "సోమవారం లైనుకి ఆరు నూర్ల పన్నెండున్నర లీటర్లు. మంగళవారం ఆరు నూర్ల యాభై. దినదినానికీ పెరుగుతాండాది. మీరు ప్యానెల్లు కడుగుతాండారా, తలలు పోసుకుంటాండారా అక్కా?"

"నీ పెండ్లికి పోసుకుంటాంలే నాయనా," అంది రంగక్క. బ్యాచిలో అందరికంటే పెద్దది ఆమె.

"నవ్వండి నవ్వండి. రేపు మేనేజరు వస్తాండాడు. నీళ్లే లేకుండా తుడిచే రోబోలు వచ్చినాయి. అవి ఎదురు మాట్లాడవు. మీ పేర్లు రాసిచ్చేస్తా."

అతను పోయాక ఎవరికీ నవ్వు రాలేదు. మధ్యాహ్నం ప్యానెళ్ల నీడలో సంగటి విప్పుకున్నారు గానీ, రంగక్క ముద్దను చేతిలో తిప్పుతూ కూర్చుంది. ఆమె కొడుకు కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. ఇల్లు ఆమె పనిమీదే నడుస్తోంది.

కదిరమ్మ మనసు వేరే చోట చిక్కుకుంది. సోమవారం ఆరు వందల పన్నెండున్నర, మంగళవారం ఆరు వందల యాభై. అదే పైపు, అవే చేతులు, అంతే పొడుగు లైన్లు. ఒక్క రోజులో లైనుకు ముప్పై ఏడున్నర లీటర్లు ఎట్లా ఎక్కువ తాగుతుంది? ఒళ్లు పెరగడానికి ప్యానెల్ ఏమైనా బాలింతా?

తాము ఒక లైనుకు వాడేది ఎంతో తెలియదు. తెలియనిది ఎక్స్. సునీల్‌కుమార్ ట్యాంకు ఐదు వేలని మొదలుపెట్టాడు. ఆ ఐదు వేలను కళ్లతో చూసిందెవరు? పై గుర్తులే లేవు కదా. ఐదు వేలను పక్కన పెడితే మిగిలేది ఒక్కటే నిజం. రెండు రోజులూ ట్యాంకు ఒకే చోట, ఒకే మాదిరిగా నిండి వచ్చింది. సోమవారం ట్యాంకెంతో మంగళవారం ట్యాంకూ అంతే.

ఆమె లేచి, ఇంకా కడగని ప్యానెల్ మీద పేరుకున్న దుమ్ములో వేలితో రాసింది.

8x + 100 = 6x + 1100

ఇప్పుడు ఆరు ఎక్స్‌ను ఈ పక్కకు తెచ్చి గుర్తు మార్చాలి. వేలు గాలిలో ఆగింది. అక్కడ ఉన్నవి అక్షరాలు కావు, తాను కడిగిన లైన్లు. సోమవారం ఆరు లైన్లు, మంగళవారం ఆరు లైన్లు. రెండూ ఒకటే పని, ఒకటే నీళ్లు. రెండింటినీ కొట్టేస్తే? మంగళవారం పక్క లైన్లేమీ ఉండవు, పదకొండు వందలు ఉంటాయి. సోమవారం పక్క రెండు లైన్లు, నూరు లీటర్లు. ఆ నూరు కూడా రెండు పక్కలా తీసేస్తే రెండు లైన్లకు వెయ్యి లీటర్లు.

లైనుకు ఐదు వందలు.

ఏదీ గీత దాటలేదు. దేని గుర్తూ తిరగబడలేదు. రెండు పక్కలా ఒకే ముక్క కోసి పారేస్తే, ఒక పక్క మాయమైంది, ఇంకో పక్క తగ్గింది. అంతే. ఇంత చిన్న సంగతికి ఒక బెత్తం విరిగింది, మూడు పరీక్షలు పోయాయి, ఒక పెళ్లి అయింది. కదిరమ్మకు సంతోషం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. వచ్చిన కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక రంగక్క చేతిలోని ముద్ద లాక్కుని తినేసింది.

"ఏమే, పిచ్చి పట్టిందా?"

"మనం వాడేది ఐదు నూర్లే అక్కా! కంపెనీ చెప్పినట్లే వాడతాండాం!"

మరుసటి రోజు మేనేజరు ప్రశాంత్‌కుమార్ జీపులో వచ్చాడు. తుమకూరువాడు, కన్నడమే మాట్లాడతాడు గానీ తెలుగు అర్థమవుతుంది. సునీల్‌కుమార్ ఫోన్ తీసేలోగా కదిరమ్మ ఆయన్ను ఆ ప్యానెల్ దగ్గరికి తీసుకుపోయి, దుమ్ములో మొదటి నుంచి రాసి చూపించింది. ప్యానెల్ మీద చెయ్యి పెడితే కరెంటు తగ్గుతుందని సునీల్‌కుమార్ అడ్డుపడ్డాడు.

"నీ నోటివల్ల తగ్గినంత తగ్గదులే," అంది రంగక్క.

మేనేజరు రెండుసార్లు చూశాడు. తన ఫోన్‌లో కూడా వేశాడు. ఎనిమిది ఐదు వందలు నాలుగు వేలు, మిగిలిన నూరు. ఆరు ఐదు వందలు మూడు వేలు, మిగిలిన పదకొండు వందలు. రెండు రోజులూ నాలుగు వేల నూరు.

"సరి ఇదె," అన్నాడు, సరిగ్గానే ఉందని. తర్వాత కనుబొమ్మలు ముడిచాడు. ట్యాంకు మాత్రం ఐదు వేలది కదా అని అడిగాడు.

"ట్యాంకు ఐదు వేలదే సార్. మా కాడికి వచ్చే నీళ్లు నాలుగు వేల నూరు. దినానికి తొమ్మిది నూర్ల లీటర్లు దారిలోనే దిగిపోతాండాది. దిగేది మా తలల మింద కాదు."

ఆడవాళ్లంతా సునీల్‌కుమార్ వైపు తిరిగారు. సునీల్‌కుమార్ ట్రాక్టరు వైపు తిరిగాడు. ట్రాక్టరు డ్రైవరు బైలప్ప, అప్పటిదాకా సీటులో కూర్చున్నవాడు, ఏదో బోల్టు చూడాలని ట్రాక్టరు కిందికి దూరిపోయాడు.

రేపటిలోగా ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో తేలాలని చెప్పి మేనేజరు వెళ్లిపోయాడు. సాయంత్రం బైలప్ప కదిరమ్మను పక్కకు పిలిచాడు. మొహం చెమటతో తడిసిపోయింది.

"అక్కా, నన్నేమీ అడగొద్దు. నీ కాళ్లు మొక్కుతా. ఇంటికి పోయి మీ మామ కట్టించిన తొట్టి చూసుకో."

సిద్దప్ప పోయినేడు రోడ్డు పక్కన గొర్రెల దొడ్డి ముందు కొత్తగా సిమెంటు తొట్టి కట్టించాడు. అందులో నీళ్లు ఎక్కడివని కదిరమ్మ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆమె ఆరింటికే పనికి పోతుంది, భర్త నిద్రపోతుంటాడు. జీవాల బొచ్చు ఈ మధ్య మెరుస్తోందంటే మారమ్మ దయ అనుకుంది. ఇప్పుడు తొట్టి పక్కన నిలబడి చూస్తే అంతా వరుసగా తెలిసింది. నూట ఇరవై జీవాలు, ఎండాకాలం తలకు ఏడున్నర లీటర్లు. తొమ్మిది వందలు. తొట్టిలో చెయ్యి ముంచి ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. తియ్యగా ఉన్నాయి. అద్దాల మీద ఉప్పు మరక పడకూడదని కంపెనీ ఫిల్టరు చేయించే నీళ్లు. ఊళ్లో మనుషులు మంచినీళ్లమ్మే నీటి ఘటకం దగ్గర కాయిన్ వేసి బిందె పట్టుకుంటే, సిద్దప్ప గొర్రెలు ఏడాదిగా కంపెనీ ఫిల్టరు నీళ్లు తాగుతున్నాయి.

"మామా, బైలప్ప దినామూ ఈడ నీళ్లు దించుతాండాడా?"

సిద్దప్ప బుకాయించలేదు. అది ఆయన పద్ధతి కాదు.

"దించుతాండాడు. వానికి చెంబు పాలిస్తాండా. ఏమిప్పుడు?"

"అది దొంగతనం మామా. మా మింద పడింది నింద. రంగక్క కూడు పోయేది."

"దొంగతనమా? నా బయలంతా అద్దాలు పరిచిరి. ఒక గడ్డి పరక లేకపాయె. జీవాలకి గుక్కెడు నీళ్లు తాపితే దొంగతనమా?"

"చేనిస్తానని నువ్వే సంతకం పెడితివి కదా మామా."

"సంతకం నేను పెట్టినా. గొర్రెలు పెట్టలే."

కదిరమ్మకు నవ్వు వచ్చింది, అదే సమయంలో ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని గుంజకు ఆనుకుంది. ముసలాయన బీడీ పారేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"నా మింద చాడీ చెప్పినోడు ఎవుడు? బైలప్పనా?"

"కాదు. ఎక్స్."

"ఎవుడు వాడు? ఏ ఊరోడు?"

"ఊరూ పేరూ లేనోడు మామా. వానికి భయపడేదేముండాది, నిజం చెప్పేసినాడు."

ఆ రాత్రి ఆమెకు సరిగ్గా నిద్ర పట్టలేదు. చెబితే మామ పరువు పోతుంది, బైలప్ప పని పోతుంది. చెప్పకపోతే ఆ నింద మళ్లీ తిరిగి ఎవరో ఒక ఆడమనిషి నెత్తిన వాలుతుంది. తెల్లారి మేనేజరు దగ్గరికి పోయి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెప్పి అక్కడే ఆగలేదు.

"సార్, మనం కడిగిన నీళ్లకి ప్యానెల్ల కింద గడ్డి మోకాలి మట్టం లేస్తాండాది. పోయిన నెల గడ్డి కోసే మిషను రాయి ఎగరగొట్టి రెండు ప్యానెల్లు పగలగొట్టింది. గొర్రె యాడన్నా రాయి ఎగరగొడతాదా? లోపలికి తోలండి. గడ్డి అవి తింటాయి, ఆ తొమ్మిది నూర్ల లీటర్లు రాసిచ్చి తాపండి."

మేనేజరు నవ్వాడు. బైలప్పను వారం పని నుంచి ఆపాడు, తొట్టికి నీళ్లు ఆపించాడు, గొర్రెల సంగతి పైకి రాస్తానన్నాడు. సునీల్‌కుమార్ ఆడవాళ్ల దగ్గరికి వచ్చి, "సారీ అక్కా," అని నేల వైపు చూస్తూ చెప్పాడు. రంగక్క ఇంకోసారి గట్టిగా చెప్పమంది. చెప్పాడు.

సిద్దప్ప పదకొండు రోజులు కోడలితో మాట్లాడలేదు. సంగటి కావాలంటే కంచం మీద వేలితో కొట్టేవాడు. గొర్రెలను రెండు మైళ్ల దూరం బావికి తోలుకుపోయి తిరిగి వచ్చేసరికి ఆయన కాళ్లు వాచేవి. కదిరమ్మ వేణ్నీళ్లు కాచి ముందు పెట్టేది. ఆయన కాళ్లు అందులో పెట్టేవాడు గానీ, నోరు తెరిచేవాడు కాదు.

ఆదివారం ఆమె క్యాతగానచెర్లు పోయి మేష్ట్రుకు జరిగినదంతా చెప్పింది. ఎనిమిది లైన్లు, ఆరు లైన్లు, రెండు పక్కలా కోసి పారేయడం. ఆయన కాగితం తీసుకుని తానే ఒకసారి రాసుకున్నాడు.

"నాకి మా మేష్ట్రు రూలని చెప్పినాడు. నేను మీకి రూలని చెప్పినా," అన్నాడు. ఆ తర్వాత లోపలికి పోయి, భార్యను లేపకుండా, తన చేత్తో కాఫీ పెట్టి తెచ్చి ఇచ్చాడు. చక్కెర మరిచిపోయాడు. కదిరమ్మ చెప్పలేదు, తాగేసింది.

పరీక్ష పావగడలో. హాలు దగ్గర అమ్మలు బయటే ఆగాలని ఒక టీచరు ఆమెను ఆపింది. హాల్‌టికెట్టు చూపించి లోపలికి పోయింది. ఏడు ఎక్స్ మైనస్ మూడు, ఈక్వల్ నాలుగు ఎక్స్ ప్లస్ పన్నెండు. రెండు పక్కలా నాలుగు ఎక్స్ తీసేసింది, రెండు పక్కలా మూడు కలిపింది, ఎక్స్ ఐదు. జామెట్రీ ఆమెకు అర్థం కాలేదు, త్రికోణమితి అసలు మనుషుల కోసం రాసినట్టు అనిపించలేదు. అయినా మే నెలలో వచ్చిన మార్కులు నలభై ఏడు. జూన్‌లో కాగితం మీద కూడా ఆమే లీడరు.

గొర్రెల సంగతి అంతకంటే ఆలస్యమైంది. పైవాళ్ల దగ్గర్నుంచి రెండు పేజీల ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. గొర్రెలు రావచ్చు, మేకలు రాకూడదు, ఎందుకంటే అవి ప్యానెళ్ల మీదికి ఎక్కుతాయి. కొమ్ములున్న పొట్టేళ్లు రాకూడదు. తొట్టి లోపలే కట్టాలి. కాపరికి గుర్తింపు కార్డు ఉండాలి. కదిరమ్మ అది చదివి వినిపిస్తే సిద్దప్ప ముఖం తిప్పుకుని విన్నాడు. ఆఖరుకు, "మేకలు నాకి యాడుండాయి? నోర్మూసుకోని ఆ కార్డు ఇమ్మని చెప్పు," అన్నాడు. నాలుగైదు నెలల్లో ఆయన కోడలితో అన్న అతి పొడుగైన మాట అది.

ఇప్పుడు పొద్దున ఆరింటికి నూట ఇరవై గొర్రెల్లో కొమ్ముల్లేనివన్నీ గేటు దాటి, సిద్దప్ప పాత చేను మీదే మేస్తాయి. ఆయన మెడలో ఫోటో కార్డు వేలాడుతుంటుంది. స్నానానికి కూడా తీయడు. దాని మీద ఉద్యోగం పేరు ఇంగ్లీషులో 'వెజిటేషన్ కంట్రోల్' అని రాసి ఉంది. అదేమని ఎవరడిగినా, గొర్రెలు మేపేదాన్ని ఇంగ్లీషులో అట్లంటారప్పా అని చెబుతాడు.